పక్కింటోళ్లు మీ మీద బోర్డులు రాసి పెడుతుంటే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

పల్లెటూళ్లో గొడవ బోర్డుల దాకా వచ్చిందంటే అది నిన్నో మొన్నో పుట్టింది అయ్యుండదు. గట్టు మీద రెండడుగుల జాగా, చూరు నీళ్లు ఎవరి దొడ్లో పడాలి, బండి పోయే దారి, ఇలాంటి చోట మొదలై, ముందు మాటలు పోయి, తర్వాత పెళ్లి పిలుపులు పోయి, నాన్నల కాలం నుంచి కొడుకుల కాలానికి వచ్చి, ఒకరోజు పొద్దున్నే మీ గేటుకి ఎదురుగా రేకు మీద ఎర్ర పెయింటుతో రాసిన బోర్డు కనపడుతుంది. "ఇక్కడ గట్లు తినే పురుగులున్నాయి జాగ్రత్త" అని. పేరుండదు, బాణం గుర్తు మాత్రం మీ ఇంటి వైపు ఉంటుంది. దిష్టిబొమ్మకి అచ్చం మీలాంటి చొక్కా తొడిగి మీ వాకిలి వైపు తిప్పి నిలబెట్టేవాళ్లున్నారు, గోడ మీద చెప్పులు వేలాడదీసేవాళ్లున్నారు, ఇప్పుడైతే ఫ్లెక్సీలు, వాట్సాప్ స్టేటస్‌లు కూడా.

ముందుగా బుర్రలో పెట్టుకోవాల్సింది ఏంటంటే బోర్డు గొడవ వేరు, గట్టు గొడవ వేరు. అవతలి వాళ్లకి రెండూ ఒకటే కావచ్చు, మీకు మాత్రం రెండు ఫైళ్లు. రెండూ కలిపి ఒకే అర్జీలో రాసుకుని స్టేషన్‌కి పట్టుకెళ్తే ఎస్ఐ గారు మొదటి పేరాలో సర్వే నంబర్ చూడగానే "ఇది సివిల్ మేటరయ్యా, కోర్టుకెళ్లండి" అంటారు, కింద రాసిన బూతుల దాకా చదవరు కూడా. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, తాతల నాటి కథంతా నాలుగు పేజీలు రాసి అసలు బోర్డు మీద ఏముందో ఒక్క లైన్‌లో తేల్చేస్తారు.

ముందు ఆ పూట గడవనివ్వండి

బోర్డు చూడగానే రక్తం ఉడుకుతుంది, అది మామూలే. గానీ వెళ్లి పీకెయ్యొద్దు. అది వాళ్ల గోడ మీదో వాళ్ల స్థలంలోనో ఉంటే మీరు లోపలికెళ్లడం అక్రమ ప్రవేశం, బోర్డు విరగ్గొట్టడం ఆస్తి నష్టం, అంటే బోర్డు పెట్టినవాడు ఫిర్యాదుదారు, మీరు ముద్దాయి. సగం సందర్భాల్లో వాళ్లకి కావాల్సింది కూడా అదే, మీరొచ్చి పీకితే వీడియో తీద్దామని ఇంట్లో ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంటారు. ఎదురు బోర్డు కూడా వద్దు. మీరు ఒక్క ముక్క రాశారా, ఇక ఊళ్లో అది ఇద్దరి గొడవ, ఎవరు ముందు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు, కోర్టులో కూడా అదే వాదన వస్తుంది. ఇంట్లో కుర్రాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పండి, ఎందుకంటే పెద్దాళ్లు ఎంత ఓర్చుకున్నా రాత్రిపూట వెళ్లి ఆ బోర్డు మీద పేడ కొట్టొచ్చేది వాళ్లే.

ఫొటోలు, నోట్‌బుక్

పగటి వెలుగులో తియ్యండి. ముందు దూరం నుంచి ఒకటి, అందులో ట్రాన్స్‌ఫార్మరో గుడి గోపురమో మీ గేటో ఏదో ఒక గుర్తు పడాలి, బోర్డు ఎవరి స్థలంలో ఉందో ఎటు తిరిగి ఉందో తెలియాలి. తర్వాత దగ్గర నుంచి అక్షరాలు స్పష్టంగా. మీ గేటు దగ్గర నిలబడి కూడా ఒకటి తియ్యండి, మీ ఇంట్లోంచి బయటికొచ్చే మనిషికి ఎలా కనపడుతుందో అదే చెబుతుంది. జీపీఎస్‌తో తేదీ టైము పడే కెమెరా యాప్‌లు ఉన్నాయి, అది వాడినా మామూలు కెమెరాతో కూడా ఒక కాపీ తియ్యండి. క్రాప్ చెయ్యొద్దు, ఎరుపు గీతలు గియ్యొద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి లోపల ఉండే వివరాలు పోతాయి కాబట్టి ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లోనే ఉంచి ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. రేపు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ వాల్యూ, అంటే ఫైల్ మారలేదని చూపించే కోడ్, కూడా రాయాలి, ఆ పని వకీలు చూసుకుంటారు గానీ ఒరిజినల్ లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఒక నోట్‌బుక్ పెట్టండి, విడి కాగితాలు కాదు. తేదీ, టైము, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు. ఉన్నది ఉన్నట్టు అంటే నిజంగానే ఉన్నట్టు, అక్షర దోషాలతో సహా. "జాగ్రత" అని ఒత్తు లేకుండా రాసుంటే మీరూ అలాగే దించుకోండి, ఆరు నెలల తర్వాత వచ్చే ఇంకో బోర్డులో కూడా అదే తప్పు ఉంటే రెండూ ఒకే చేతి రాత అని చెప్పడానికి అదొక ఆధారం. బూతు మాట రాయడానికి చెయ్యి రాదు, అర్థమవుతుంది, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ల గురించి రాసినప్పుడు. అయినా రాయాలి. "అసభ్య పదజాలంతో దూషించాడు" అని రాస్తే అది ఏ సెక్షన్ కిందకొస్తుందో ఎవరికీ తెలియదు, ఆ మాటేంటో తెలిస్తేనే తెలుస్తుంది.

అలాగే ఎవరెవరు చూశారో రాసుకోండి. పాల కేంద్రానికి వెళ్తూ ఎవరైనా ఆగి "ఏంటి బాబాయ్, ఇది మీ గురించేనా" అని అడిగితే ఆ మనిషి పేరు, ఏ రోజు అడిగారో వెంటనే రాయండి. పేరు లేని బోర్డుల విషయంలో ఈ ఒక్క లైన్ చాలా విలువైంది, ఎందుకో కింద చెప్తాను.

సీసీ కెమెరా పెట్టుకోవచ్చు, మంచిదే, కానీ అది మీ గేటునీ రోడ్డునీ చూడాలి. అవతలి వాళ్ల పెరడు, బాత్‌రూమ్ వైపు తిరిగిందంటే కేసు మీ మీదకే తిరుగుతుంది, అది చిన్న కేసు కూడా కాదు.

బోర్డు ఎక్కడుందో దాన్నిబట్టి దారి

మీ గోడ మీదే రాసిపోయారా? ఫొటోలు తీసి, స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, వాళ్లు చూశాకే సున్నం కొట్టించండి. పంచాయతీ రోడ్డు మీదో బజారు మధ్యలోనో ఉంటే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, ఊరి రోడ్లు గ్రామ పంచాయతీ అధీనంలోవి, వాటి మీద పెట్టింది తీయించే అధికారం వాళ్లకుంది. సర్పంచ్ గారు అవతలి వాళ్ల చుట్టమైతే కార్యదర్శికి ఇచ్చిన అర్జీ నకలు ఎంపీడీవోకి కూడా పెట్టండి. కరెంటు స్తంభానికి కట్టి ఉంటే కరెంటు ఆఫీసు వాళ్లకి ఒక మాట చెబితే చాలు, వాళ్లే వచ్చి కోసేస్తారు, ఇదే అన్నిటికంటే తొందరగా అయ్యే పని.

వాళ్ల సొంత గోడ మీద, వాళ్ల సొంత స్థలంలో ఉంటేనే కష్టం. అక్కడ రాసిన మాట నేరం అవుతుందా కాదా అన్నదే అసలు ప్రశ్న.

ఏది నేరం, ఏది కాదు

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, బీఎన్ఎస్ అంటారు. ఊళ్లో పాత నంబర్లే చెప్తుంటారు, పట్టించుకోవద్దు.

పరువు నష్టం 356వ సెక్షన్. నోటితో అన్నా, రాసినా, సైగలతో, బొమ్మలతో చూపించినా అది పరువు నష్టం కిందకొస్తుందని సెక్షన్‌లోనే ఉంది, అంటే బోర్డుకీ దిష్టిబొమ్మకీ కూడా చోటుంది. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ఇక "నేనేమీ తిట్టలేదు, పొగిడాను" అనే తెలివిగలవాళ్లు ఉంటారు చూడండి, వాళ్ల కోసం చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకడు "ఫలానా ఆయన నిజాయితీపరుడు, ఫలానా వాళ్ల వాచీ ఆయన ఎప్పుడూ దొంగిలించలేదు" అంటాడు, దొంగిలించాడని జనం నమ్మాలన్న ఉద్దేశంతో. అది పరువు నష్టమే అని రాసి ఉంది. 1860 నాటి ఐపీసీలోది ఇది, అంటే వెటకారం బోర్డులు అప్పటికే ఎవరో కనిపెట్టేశారన్నమాట. పేరు లేకపోయినా చూసినవాళ్లకి అది మీ గురించే అని అర్థమైతే చాలు, అందుకే "మీ గురించేనా" అని అడిగిన మనిషి పేరు రాసుకోమన్నది.

కానీ దీంతో ఒక ఇబ్బంది ఉంది. పరువు నష్టం కేసు పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టేది కాదు, మీరే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేసుకోవాలి. రాసింది నిజం, పైగా జనం మేలు కోసం రాశాను అని వాళ్లు నిరూపించుకుంటే తప్పించుకుంటారు కూడా. నష్టపరిహారం కోసం సివిల్ దావా వెయ్యాలంటే ఏడాది లోపే వెయ్యాలి, ఈ గడువు చాలామందికి తెలియక పోగొట్టుకుంటారు. క్రిమినల్ కంప్లైంట్‌కి మూడేళ్లు టైముంది.

రెచ్చగొట్టి గొడవ పెట్టుకోవాలని చేసే అవమానం 352, చంపుతాం నరుకుతాం అని బెదిరిస్తే 351. ఇంట్లో ఆడవాళ్ల మర్యాదకి భంగం కలిగేలా రాస్తే 79వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, జరిమానా, దీనికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. కాబట్టి అలాంటి మాట ఉంటే అర్జీలో అది పైన ఉండాలి, మిగతాది కింద. మీరు ఎస్సీ, ఎస్టీ అయ్యుండి, ఆ వర్గాలకి చెందని మనిషి కులం పేరుతో నలుగురూ చూసేచోట బోర్డు పెడితే 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది, దాన్ని డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేస్తారు, ముద్దాయికి ముందస్తు బెయిల్ కూడా మామూలుగా దొరకదు. అయితే కులం మాట బోర్డు మీద లేకపోయినా ఉందని రాయించే సలహాదారులు ప్రతి ఊళ్లో ఒకరుంటారు, వాళ్ల మాట వినొద్దు, ఫొటోలో లేని మాట అర్జీలో ఉంటే ఉన్న మాట కూడా అబద్ధమైపోతుంది.

వాట్సాప్ స్టేటస్‌లో పెడితే స్క్రీన్ రికార్డింగ్ చెయ్యండి, నంబర్ కనపడేలా, రోజులోపే పోతుంది కాబట్టి. ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెట్టిస్తానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

ఇక ఊరికే "నన్ను చూసి ఏడవకు" అనో, "కుక్క ఉంది జాగ్రత్త" అనో వాళ్ల గేటుకి రాసుకుంటే అది మీ గురించే అని మీకు తెలిసినా చట్టం పట్టించుకోదు. వాటికి స్టేషన్ మెట్లెక్కితే రేపు నిజమైన బోర్డు వచ్చినప్పుడు కూడా మీ అర్జీని అదే కళ్లతో చూస్తారు.

స్టేషన్‌కి వెళ్లేటప్పుడు

ఒక పేజీ చాలు. ఏ రోజు, ఎక్కడ, ఏం రాసుంది, ఎవరు చూశారు, ఇంతకుముందు ఎన్నిసార్లు, నాకేం కావాలి. పొలం గొడవ గురించి ఒకే వాక్యం, "మా మధ్య సరిహద్దు వివాదం ఉంది, దానికి వేరుగా సర్వేకి దరఖాస్తు పెట్టుకున్నాను" అని. ఈ వాక్యం ఉంటే సివిల్ మేటర్ అని తోసేయడానికి దారి మూసినట్టే. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరమైతే దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే అర్జీ ఎస్పీ గారికి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు, ఈ వరుసంతా బీఎన్ఎస్ఎస్, అంటే సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173లో ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్ఎస్, అక్కడ ఇస్తే ఒక నంబర్ వస్తుంది, అది పనికొస్తుంది.

మీరు అర్జీ ఇచ్చిన మర్నాడే అవతలి వాళ్లు కూడా ఒకటి ఇస్తారు, మీ వాళ్లే కొట్టారనో తిట్టారనో. కౌంటర్ కేసు లేని పల్లెటూరి గొడవ నేనైతే వినలేదు. కంగారుపడొద్దు, ఆ రోజు మీరెక్కడున్నారో నోట్‌బుక్‌లో ఉంటుంది కదా.

చాలాసార్లు స్టేషన్ వాళ్లు బైండోవర్ చేద్దాం అంటారు. అంటే బీఎన్ఎస్ఎస్ 126 కింద ఎమ్మార్వో ముందు నిలబెట్టి, ఏడాది దాకా శాంతిగా ఉంటామని బాండ్ రాయించుకోవడం, తప్పితే బాండ్‌లో రాసిన సొమ్ము కట్టాలి. సాధారణంగా ఇద్దరినీ చేస్తారు. "తప్పు వాళ్లదైతే నన్నెందుకు" అని చాలామంది ఇక్కడ అలుగుతారు. నన్నడిగితే ఒప్పుకోవడమే మేలు, మీరెలాగూ బోర్డు రాయరు, కాబట్టి ఆ బాండ్ బరువు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి.

ఇక గట్టు సంగతి

దీన్ని అదే వారంలో మొదలుపెట్టండి, బోర్డు కేసు తేలేదాకా ఆగొద్దు. పొలం హద్దు అయితే మీసేవలో సర్వేకి, ఎఫ్-లైన్ అంటారు, దరఖాస్తు పెడితే మండల సర్వేయర్ పక్క రైతులకి నోటీసిచ్చి, ఎఫ్ఎంబీ, అంటే ఆ సర్వే నంబర్ కొలతల పటం, పట్టుకుని వచ్చి కొలుస్తారు. ఆంధ్రాలో రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్ ఉంటుంది, అది చూసుకోండి. కొలిచే రోజు ఇద్దరు తటస్థులని, వీలైతే అవతలి వాళ్లు కాదనలేని మనిషిని, పక్కన ఉంచండి. గొలుసు మీ వైపుకి ఒక అడుగు లోపలికి వచ్చినా నోరెత్తొద్దు, రిపోర్టు వచ్చాక అప్పీలు చేసుకోవచ్చు. పాతిన రాళ్లు అక్కడికక్కడే ఫొటో తీసుకోండి, రాత్రికి రాత్రి కదులుతాయవి.

ఇళ్ల మధ్య గొడవ అయితే ఇంత తేలిక కాదు, గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లుండే స్థలంలో, ఇంటింటికీ కొలతల పటం సాధారణంగా ఉండదు. భాగపరిష్కార పత్రం, పాత దస్తావేజులో రాసిన నాలుగు వైపుల హద్దులు, ఇంటి పన్ను రసీదులు, ఇవే ఆధారం. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్‌తో మీ ఊరు కొలిచి ఉంటే ఆస్తి కార్డు అడగండి. దారి గురించైతే 1882 ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా, హక్కుగా వాడితే అది హక్కవుతుంది, వాళ్లు దయతలచి వెళ్లనిచ్చారంటే మాత్రం కాదు. ఈ తేడా దగ్గరే దావాలు గెలుస్తారు, ఓడతారు.

మాట్లాడించడం

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. అర్జీ ఇచ్చాక మాట్లాడితే విలువ ఉంటుంది, ముందు మాట్లాడితే భయపడ్డారనుకుంటారు, ఇది నా లెక్క. ఎవరితో మాట్లాడించాలన్నది ముఖ్యం. మీ పార్టీ నాయకుడు కాదు. ఇద్దరికీ చుట్టమైన మేనమామ, వాళ్లింటి ఆడపడుచు, ఆ కుర్రాడికి చదువు చెప్పిన మాస్టారు, ఇలాంటి మనిషి వాళ్లింటికెళ్లి కూర్చుని "ఒరే, గట్టు సంగతి సర్వేయర్ తేలుస్తాడు, నువ్వు ఆ రేకు మాత్రం తీసెయ్యి, ఆడపిల్లలు తిరిగే బజారు" అంటే పని జరగడానికి అవకాశం ఉంటుంది. మీరే ఎదురుపడితే "అన్నా" అనే పిలవండి, వరస మారిస్తే అదే ఇంకో గొడవ. తప్పు ఒప్పుకోమని అడగొద్దు, బోర్డు తియ్యమని మాత్రం అడగండి. క్షమాపణ కోసం పట్టుబట్టి చేతికందిన రాజీ పోగొట్టుకున్నవాళ్లు బోలెడు మంది.

పెద్దమనుషుల దగ్గర తేలితే కాగితం మీద రాయించండి. ఏ తేదీకి బోర్డు తీస్తారు, ఇద్దరూ ఎదుటివాళ్లకి కనపడేలా ఏమీ రాయకూడదు, సర్వేకి ఇద్దరూ వస్తారు, ఖర్చు సగం సగం, స్టేటస్‌లు కూడా ఇందులోకే వస్తాయి. ఊరి కాగితానికి పట్టు తక్కువ కాబట్టి దాన్ని మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి పట్టుకెళ్లి లోక్ అదాలత్‌లో అవార్డుగా చేయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టు ఫీజు కూడా ఉండదు. కేసు వెయ్యకముందే కూడా అక్కడికి వెళ్లొచ్చు, వాళ్లే అవతలి వాళ్లకి నోటీసు పంపుతారు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. ఇదేదీ కాకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా, బోర్డు తీయించమని, మళ్లీ పెట్టకుండా ఆపమని. దావాతో పాటే తాత్కాలిక ఉత్తర్వుకి కూడా పిటిషన్ వెయ్యమని వకీలుకి చెప్పండి.

కర్రలు, కత్తులు బయటికొస్తే మాత్రం ఇదంతా పక్కనపెట్టి 112కి ఫోన్ చెయ్యండి, పిల్లల్ని లోపల పెట్టి తలుపేసుకోండి.

బోర్డు దిగాక నోట్‌బుక్ పారెయ్యొద్దు. ఖాళీ అయిన గోడకి కూడా ఒక ఫొటో తీసి, దిగిన తేదీ రాసి, స్టాంపు వేసిన అర్జీ కాపీ, సర్వే రిపోర్టు, రాజీ కాగితం అన్నీ ఒకే కవర్లో పెట్టండి. సంక్రాంతికో, ఎలక్షన్లప్పుడో మళ్లీ రేకు ఎక్కితే కొత్త అర్జీ మొదటి లైన్‌లో పాత అర్జీ తేదీ వెయ్యండి, చదివే ఎస్ఐ కొత్తాయన అయ్యుంటారు.